నాలుగో వంతు

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

ప్రశ్న అడిగి టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంది. ఏం జరగబోతోందో ఆవిడకి ముందే తెలుసు. ఏటా నాలుగో తరగతిలో ఈ ప్రశ్న అడుగుతుంది, ఏటా పైకప్పు ఎగిరిపోయేలా ఒకటే జవాబు వస్తుంది.

"నాలుగో వంతూ!" అని గదంతా ఒక్క గొంతుతో అరిచింది.

పాపం, వాళ్ళ తప్పేముంది? మూడు కంటే నాలుగు పెద్దదని ఒకటో తరగతి నుంచీ మనమే నూరిపోశాం. ఇప్పుడు ఉన్నట్టుండి, కింద రాసే అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందర్రా అంటే పసివాళ్ళు ఎక్కడికి పోతారు? టీచరమ్మ తనలో తాను నవ్వుకుని, కాగితం పట్టీలు తీయడానికి సంచీ వైపు వంగింది. అప్పుడు కిటికీ పక్క బెంచీ చివర్నుంచి సన్నటి గొంతు వినబడింది.

"కాదు టీచర్. మూడో వంతే పెద్దది."

కొసరు. హాజరు పట్టీలో ఆ పిల్లకి బారెడు పేరుంది గానీ ఇంటా బయటా అందరికీ అది కొసరే. ముగ్గురు పిల్లలు పుట్టి, ఇక చాల్లే అనుకున్న తర్వాత పుట్టిందట. "ముగ్గుర్నీ తూచి ఇచ్చాడు దేవుడు, దీన్ని కొసరు వేశాడు" అని తల్లి ఎవరితోనో నవ్వులాటకి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. చదవమంటే ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ వరస చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. తనంతట తాను నోరు విప్పడం టీచరమ్మ చూడటం ఇదే మొదటిసారి.

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"మూడో వంతు పెద్దది టీచర్."

"ఐదో వంతా, ఎనిమిదో వంతా?"

"ఐదోది."

"ఆరో వంతా, పదో వంతా?"

"ఆరోదే టీచర్. పదో వంతుకి ఇంకేముంటుంది?"

పిల్లలు గొల్లుమన్నారు. టీచరమ్మకి మాత్రం ఒళ్ళు పులకరించింది. మొత్తం ఉద్యోగంలో ఈ మాట చెప్పకుండా తెలుసుకున్న పిల్ల ఒక్కతీ తగల్లేదు. గబగబా బోర్డు మీద ఒక పొడుగాటి గడి గీసి నాలుగు సమాన భాగాలు చేసి, "వచ్చి ఇందులో నాలుగో వంతుకి రంగు వెయ్యి" అంది. కొసరు వచ్చి, సుద్ద పుచ్చుకుని, తడుముకోకుండా ఆఖరి గడి నింపింది.

"ఎలా తెలిసిందే నీకు?"

"తెలుసు టీచర్" అంది కొసరు. అందరికీ తెలిసిన సంగతి అడిగినట్టు వింతగా చూసింది కూడా.

టీచరమ్మ ఆ పిల్ల చెంప నిమిరింది. చెంప మీద సుద్ద మరక పడింది. ఇంకొక్క ప్రశ్న, 'ఎందుకమ్మా?' అని ఒక్కటి అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అడగలేదు. సంతోషం పట్టలేక అడగలేదు. పైగా పుస్తకంలో 'నాలుగింట ఒక వంతు' అని ఉన్నదాన్ని, పిల్లల నోరు తిరగదని, 'నాలుగో వంతు' అని కుదించింది కూడా ఆవిడే. నలుగురూ అనే మాటే కదా, దాంట్లో తిరకాసు ఉంటుందని ఎవరనుకుంటారు?

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆవిడ తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఏటా చేసినట్టే ఆ వారం నాలుగో తరగతిని రెండుగా విడదీస్తున్నారు. చదువు అందుకునేవాళ్ళు ముందు గదిలో టీచరమ్మ దగ్గర ఉంటారు. అందుకోలేని వాళ్ళని వెనక గదికి పంపిస్తారు. వెనక గదిలో విరిగిన బల్లలూ, చక్రం ఊడిన నల్లబల్లా, ఎవరికి తీరికుంటే ఆ మాస్టారూ ఉంటారు. ఎక్కువగా డ్రిల్లు మాస్టారికే తీరిక. అక్కడి పిల్లలు లైబ్రరీ పుస్తకాలకి అట్టలు వేస్తారు, బెంచీలు మోస్తారు. ఒకసారి లోపలికి వెళ్ళిన పిల్ల తిరిగి ముందు గదికి రావడం ఎవరూ చూడలేదు.

"కొసరుని వెనక్కి పంపించకండి సార్" అంది టీచరమ్మ.

"మొన్నటిదాకా దానికి చదవడం రాదని మీరే గొడవపెట్టారు కదండీ!"

"చదవడం నేర్పుకుంటాను. లెక్క మాత్రం దానికి పుట్టుకతో వచ్చింది సార్. నా మాట నమ్మండి."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సోమవారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కూడా మీ పాఠం చూడ్డానికి వస్తున్నారు. ఆ పిల్లనే లేపి చెప్పించండి. చెప్తే ముందు గదే, నాదీ పూచీ. కానీ అరచేతిలో వైకుంఠం మాత్రం చూపించకండి."

"మీరే చూస్తారుగా" అంది టీచరమ్మ ధీమాగా.

ఇంటికొచ్చి పాత క్యాలెండర్లన్నీ భోజనాల బల్ల మీద పరిచి కూర్చుంది. వెనకవైపు తెల్లగా ఉండే ఆ మందపాటి కాగితం పట్టీలకి బాగుంటుంది. స్కేలు పెట్టి గీతలు కొట్టి, బెత్తెడు వెడల్పున బారుగా కత్తిరించింది. సగానికి మడవడం ఎవరికైనా వస్తుంది, సగంలో సగమూ వస్తుంది. మూడు దగ్గరే వస్తుంది తంటా. కాగితాన్ని ఉత్తరం మడిచినట్టు రెండు కొసల్నుంచీ లోపలికి తెచ్చి, అంచులు కలిసేదాకా అటో వెంట్రుకవాసి ఇటో వెంట్రుకవాసి జరిపి, అప్పుడు గోటితో నొక్కాలి. తొందరపడితే ఒక భాగం పెద్దదైపోతుంది.

"ఏమోయ్, ఇవాళ అన్నం పెడతావా, ఈ నెలలే వడ్డిస్తావా?" అన్నాడు భర్త, బల్ల మీద చోటు వెతుక్కుంటూ.

"గిన్నెలు తోమే వంతు మీది. ముందు అది కానివ్వండి. తర్వాత ఆకలి సంగతి చూద్దాం."

"నిన్న కూడా నా వంతే అన్నావు!"

"నిన్న నా వంతు మీరు చేశారు. ఇవాళ మీ వంతు మీరు చేసుకుంటారు."

"లెక్కల టీచర్ని కట్టుకున్నందుకు నాకు తగిన శాస్తే జరుగుతోంది" అని ఆయన చేతులు పైకి మడుచుకుని వెళ్ళాడు.

టీచరమ్మ నవ్వుతూ పట్టీ మడిచింది. 'వంతు' అన్న మాట ఆవిడ నోటినుంచే వచ్చి ఆవిడ చెవి పక్కనుంచే పోయింది. రోజూ వాడే మాటని ఎవరు వింటారు గనక.

"చెప్పి చెప్పి నా గొంతు పోతుందండీ ఏటా" అంది, వంటింట్లోకి వినబడేలా. "ఈ పిల్లకి చెప్పకుండానే వచ్చేసింది."

"చెప్పకుండా వచ్చిందంటే అందులో నీ గొప్పేముంది?" అన్నాడాయన, గిన్నెల చప్పుడు మధ్యలోంచి.

"కనిపెట్టానుగా!"

"అమ్మయ్య, ఆ మాత్రం మెప్పు మిగుల్చుకున్నావు."

సోమవారం నాడు గది వెనక రెండు బెంచీల నిండా టీచర్లు కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరమ్మకి కుర్చీ వేశారు. కొసరు తల నున్నగా దువ్వుకుని, మోచేతుల మీదికి జారిపోతున్న అక్క గౌను చేతుల్ని రెండు మడతలు వేసుకుని వచ్చింది. టీచరమ్మ వరసగా నోటి ప్రశ్నలు అడిగింది. మిగతా పిల్లలు కూడా అప్పటికి పాఠం విని ఉన్నారు గనక జవాబులు బాగానే వచ్చాయి. కొసరు దగ్గరికి రాగానే ఆవిడ వేగం పెంచింది. ఏడో వంతా, మూడో వంతా? రెండో వంతా, తొమ్మిదో వంతా? ఆ పిల్ల ఒక్కదానికీ తడబడలేదు. ఇన్‌స్పెక్టరమ్మ తలూపింది. హెడ్మాస్టరు గుమ్మం దగ్గర నిలబడి టీచరమ్మ వంక చూసి కళ్ళతోనే భేష్ అన్నాడు.

అక్కడితో ఆపినా పోయేది. ఆవిడ ఒక బారు పట్టీ తీసి బల్ల మీద పరిచింది.

"రామ్మా కొసరూ. ఇది రొట్టె అనుకో. నలుగురున్నారు. పంచేసి, నాలుగో వంతు ఏదో అందరికీ చూపించు."

కొసరు అరచేతులు గౌనుకి తుడుచుకుంది. పట్టీని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూసుకుంది. మడవలేదు. బొటనవేలు ఆనించి జాగ్రత్తగా చించింది. మొదటి ముక్క దాదాపు సగం పట్టీ వచ్చింది. రెండోది దానికంటే తక్కువ, మూడోది అంతకంటే తక్కువ. ఆఖరికి రెండు వేళ్ళ వెడల్పున పీలిక మిగిలింది. నాలుగింటినీ బల్ల మీద వరసగా సర్ది, ఆ పీలిక పైకెత్తి చూపించింది.

"ఇదిగో టీచర్, నాలుగో వంతు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అలా కాదమ్మా" అంది టీచరమ్మ. నవ్వు మొహాన్నే ఉంచుకోవడానికి చాలా కష్టపడింది. "సమానంగా పంచాలి కదా? ఇంకో పట్టీ ఇస్తాను, చూడు."

కొసరు కొత్త పట్టీ అందుకోలేదు. కనుబొమలు దగ్గరికి తెచ్చి ఆలోచించింది.

"సమానంగా చించేస్తే మూడో వంతూ నాలుగో వంతూ ఒకటే అయిపోతాయి కదా టీచర్. మూడోదే పెద్దదంటే మీరే ఔనన్నారుగా."

గది గదంతా గొల్లుమంది. "అదీ పాయింటే!" అన్నాడు వెనకనుంచి ఒక మాస్టారు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. టీచరమ్మకి చెవులు వేడెక్కిపోయాయి. ఆ పిల్ల అడిగినదాంట్లో ఎంత లెక్క ఉందో ఆవిడకి తలకెక్కలేదు. ఎదురు సమాధానం ఒక్కటే వినబడింది. నలుగురిలో పరువు పోతున్నప్పుడు ఎవరికైనా వినబడేది అదే.

"ఇన్ని రోజులూ ఎవరు అందిస్తే చెప్పావే?"

కొసరుకి అర్థం కాలేదు. "ఎవరూ అందించలేదు టీచర్. నాకే తెలుసు."

"తెలిసినదానివి ఇలాగేనా చించేది? దొంగతనంగా చెప్పడం కాక అబద్ధాలు కూడానా! వెళ్ళి కూర్చో."

గదంతా తప్పు అరిచిన రోజున ఒక్కతీ సరిగ్గా చెప్పిన పిల్ల ఎవర్ని విని చెప్పి ఉంటుంది? ఆ చిన్న లెక్క టీచరమ్మకి ఆ క్షణాన తట్టలేదు. కొసరు చేతిలోని పీలికని మళ్ళీ వరస చివర్న, ఎక్కడిది అక్కడే పెట్టి, వెళ్ళి బెంచీ కొసన కూర్చుంది. ఏడవలేదు. లీడరు పిల్ల వచ్చి పట్టీని సగానికి, మళ్ళీ సగానికి మడిచి నాలుగు సమాన భాగాలూ చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

టీలు తాగుతూ ఇన్‌స్పెక్టరమ్మ, "బట్టీ పట్టిన పిల్లలతో వచ్చే చిక్కే ఇదమ్మా, లోపల ఏమీ ఉండదు" అంది దయగానే. ఆవిడ కారెక్కి వెళ్ళిపోయాక హెడ్మాస్టరు టీచరమ్మ పక్కకి వచ్చాడు.

"ఏం చేద్దామంటారు ఆ పిల్లని?"

రెండు రోజులు ఆగండి సార్, అనవచ్చు. నేను మాట్లాడి చూస్తాను, అనవచ్చు. హెడ్మాస్టరు అడిగిన తీరు చూస్తే ఒప్పుకునేలాగే ఉన్నాడు.

"వెనక గదిలోనే వెయ్యండి" అంది టీచరమ్మ, కప్పులో మిగిలిన టీ తొట్టిలో పారబోస్తూ.

మర్నాడు పొద్దున్న కొసరు ముందు గదిలోకి వచ్చి, సంచీ భుజాన వేసుకుని, తను కూర్చునే చోటు అరచేత్తో ఒకసారి తుడిచి వెళ్ళిపోయింది. టీచరమ్మ చూడనట్టు బోర్డు మీద తేదీ రాసుకుంది.

కొసరు తల్లి బట్టలు కుడుతుంది. టీచరమ్మ అంతకు ముందెప్పుడో రెండు జతలు కుట్టడానికిచ్చింది. తెచ్చుకోవడానికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. అయినా ఎన్నాళ్ళని తప్పించుకుంటుంది? ఆ వారంలోనే ఒక సాయంత్రం బడి నుంచి అటే నడిచింది.

ఆ ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ కత్తిరింపుల గుట్టలు. వెనక తలుపు తీసి ఉంది. తలుపవతల పెరట్లో పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, పక్కనే రేకుల స్నానాలగది. తల్లి లేచి స్టూలు తుడిచి వేసింది.

"కూర్చోండి టీచరుగారూ. ఈ ఒక్క అంచు కుట్టేస్తే అయిపోతుంది. ఒక్క నిమిషం."

మిషను గడగడలాడింది. సూది మీంచి చూపు తిప్పకుండానే ఆవిడ పెరట్లోకి కేకేసింది.

"ఒసేయ్, రెండో వంతు అయిందా?"

"ఇంకా లేదమ్మా!" అని రేకుల వెనకనుంచి ఎవరో ఆడపిల్ల.

"నీళ్ళన్నీ కుమ్మరించుకోకే తల్లీ, కాస్త వెనకాల వాళ్ళని కూడా చూడు! ఒరేయ్ మూడో వంతూ, నువ్వు తువ్వాలు తీసుకుని సిద్ధంగా ఉండు. నాలుగో వంతు చలికి వణుకుతోంది."

టీచరమ్మ మామూలుగానే వింది. తర్వాత ఒళ్ళో ఉన్న సంచీని గట్టిగా పట్టుకుంది.

"ఏమన్నారు మీరు?"

"ఏం లేదండీ, స్నానాల గొడవ. ఉన్నది ఒక్క పెద్ద గిన్నె. నలుగురూ వంతులవారీగా పోసుకోవాలి. పెద్దది పనికి పోయొస్తుంది గనక మొదటి వంతు దానిది. అది సగం గిన్నె ఖాళీ చేస్తుంది, మహారాణి. ఇక మిగిలిన దాంట్లో రెండో వంతూ, మూడో వంతూ..."

కొసరు తువ్వాలు కప్పుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. ముందు గదిలో ఎవరున్నారో చూడలేదు. మునివేళ్ళ మీద లేచి గిన్నెలోకి తొంగి చూసింది.

"అమ్మా, నీళ్ళు అడుగంటాయే!"

"ఉన్నదాంతో సరిపెట్టుకోవే. నాలుగో వంతంటే మరి అంతేగా!"

"అంతేలే" అని కొసరు చెంబు తీసుకుంది.

'పదో వంతుకి ఇంకేముంటుంది?' అన్న మాట, బల్ల మీద వరసగా పెట్టిన నాలుగు ముక్కలు, నింపమంటే తడుముకోకుండా నింపిన ఆఖరి గడి, అన్నీ ఒక్కసారి టీచరమ్మ మీద పడ్డాయి. ఆ పిల్లకి వంతు అంటే వరస. మొదటివాళ్ళు తీసుకున్నాక రెండోవాళ్ళకి, వాళ్ళు తీసుకున్నాక మూడోవాళ్ళకి, ఆఖర్న తనకి. సమానంగా చించితే రెండూ ఒకటే అవుతాయి కదా అంటే ముమ్మాటికీ ఒకటే. ఎవరూ చెప్పకుండానే, ఏ లోటూ లేకుండా కట్టుకున్న లెక్క అది. మాట దగ్గరే దారి తప్పింది, ఆ మాట ఇచ్చింది తను.

"నీళ్ళే కాదండీ, ఏదైనా అంతే" అంటోంది తల్లి, దారం పంటితో తెంపుతూ. "రొట్టె అయినా అంతే. గుడ్డ అయినా పెద్దదానికి తీసినంతా తీసి, చివరికి మిగిలిన పీలికల్లో దీనికి జేబు అతుకుతాను. అలవాటైపోయింది దానికి. కిక్కురుమనదు." గొంతు తగ్గించింది. "అన్నట్టు, మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేసిందటగా టీచరుగారూ. మీరేం మనసులో పెట్టుకోకండి. ఇంటికి రాగానే నేను రెండు తగిలించాను."

"అయ్యో, ఎందుకు కొట్టారమ్మా?"

"దొంగతనంగా చెప్పి అబద్ధమాడిందని మీరే అన్నారట కదండీ. టీచరుగారు ఊరికే అంటారా? 'ఎవరూ అందించలేదమ్మా' అంటుంటే చంపేస్తానన్నాను. చివరికి ఒప్పుకుంది."

"ఏమని ఒప్పుకుంది?"

"దొంగతనంగానే చెప్పానంది."

చెయ్యని తప్పు ఒప్పుకుందా పిల్ల. ఒప్పుకునేదాకా తల్లి కొట్టింది. కొట్టించింది తను.

"తప్పు దానిది కాదండీ" అంది చివరికి. 'నాది' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. తల్లి వినిపించుకునే ధోరణిలో కూడా లేదు, బట్టలు మడత పెడుతోంది.

"ఇప్పుడు కొత్త పాట ఎత్తుకుందండోయ్. ఏది పంచినా సమానంగానే ఉండాలట, టీచరు చెప్పిందట. నిన్న రొట్టె దగ్గర అక్కతో ఒకటే యుద్ధం. ఈ కాలం పిల్లలు!"

స్నానాలగదిలో చెంబు అడుగుని గీరిన చప్పుడైంది. టీచరమ్మ బట్టలు తీసుకుని బయటపడింది.

మర్నాడు ప్రార్థన అయీ అవగానే హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. స్నానాల గిన్నె, వంతులు, రొట్టె, అన్నీ.

"దానికి వంతంటే వరస సార్. మనం భాగం అనుకుని అడుగుతున్నాం. అది వరస అనుకుని చెప్తోంది."

"వరసో, వాటమో" అన్నాడు హెడ్మాస్టరు విసుగ్గా. "ముందు పంపించవద్దన్నది మీరు. తర్వాత పంపించెయ్యమన్నది మీరు. ఇప్పుడు మళ్ళీ తెమ్మంటున్నదీ మీరు. నేనేమన్నా బొంగరాన్నా, మీరు తిప్పినట్టల్లా తిరగడానికి?"

"ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్. దాన్ని సరిగ్గా అడిగితే చెప్తుంది."

ఆయన గొణుక్కుంటూనే లేచాడు. మనిషి చెడ్డవాడు కాదు, పని పెరగడం ఇష్టం లేనివాడు. ఇద్దరూ వసారా దాటి వెనక గదికి వెళ్ళారు. డ్రిల్లు మాస్టారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని విజిలు తాడు అల్లుకుంటున్నాడు. పిల్లలు నేల మీద కూర్చుని పుస్తకాలకి అట్టలు వేస్తున్నారు. కొసరు ముందు జిగురు గిన్నె ఉంది. వేలితో జిగురు రాసి, అట్ట అంచు లోపలికి మడిచి, ఒత్తి పక్కన పెడుతోంది. అందరికంటే దానివే నీటుగా ఉన్నాయి.

టీచరమ్మ నోరు తెరిచేలోగానే హెడ్మాస్టరు అడిగేశాడు.

"ఏమే కొసరూ, మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

"అలా కాదు సార్!" అంది టీచరమ్మ. "నాలుగింట ఒకటి అని..."

కొసరు అప్పటికే లేచి నిలబడింది. జిగురు వేళ్ళని వెనక్కి దాచుకుంది.

"రెండూ సమానమే సార్" అంది, అప్పజెప్పినట్టు. "ఏదైనా సమానంగా పంచాలి."

హెడ్మాస్టరు టీచరమ్మ వంక చూశాడు. ఆ చూపులో వెక్కిరింత లేదు, జాలి ఉంది. జాలే ఎక్కువ గుచ్చుకుంది.

"నాలుగు రోజుల క్రితం ఆ ఒక్క ముక్కైనా వచ్చేది. ఇప్పుడు అదీ పోయింది. వదిలెయ్యండి, టీచరుగారూ" అని ఆయన వెళ్ళిపోయాడు.

వదిలెయ్యలేదు టీచరమ్మ. డ్రిల్లు మాస్టార్ని అడిగి కొసరుని కిటికీ కిందకి తీసుకెళ్ళి, ఎదురుగా నేల మీదే కూర్చుంది. సంచీలోంచి ఒకే కొలత పట్టీలు రెండు తీసింది. ఒకదాన్ని ఉత్తరంలా మూడు భాగాలు మడిచింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచింది. రెండోదాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిచింది.

"ఇలా చూడమ్మా. ఇది నలుగురికీ సమానం. మొదటివాళ్ళదైనా, ఆఖరివాళ్ళదైనా ఇంతే. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. అదే నాలుగింట ఒక వంతు. నేను సోమరితనానికి నాలుగో వంతని కుదించేశాను. నీ వంతు ఎన్నోది అని కాదు దానర్థం."

"ఊఁ."

"నువ్వు చించింది తప్పు కాదు. నువ్వడిగిన ప్రశ్న ఉంది చూడు, సమానంగా చించితే రెండూ ఒకటే అవుతాయి కదా అన్నావే, ఆ ప్రశ్న నన్ను ఇన్నేళ్ళలో ఏ పిల్లా అడగలేదు. నాకు అర్థం కాక తిట్టాను. నువ్వు అబద్ధం ఆడలేదు. దొంగతనంగా చెప్పలేదు. తప్పు నాది. మీ అమ్మకి కూడా ఈ సాయంత్రం వచ్చి చెప్తాను."

"ఊఁ."

"అర్థమైందా?"

"అయింది టీచర్."

మరీ తొందరగా అంది. అన్నిటికీ ఒకే కొలతలో తలూపుతోంది. జిగురు ఎండి తెల్లబారిన వేళ్ళతో గౌను అంచుని మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది. టీచరమ్మ మూడు భాగాల పట్టీలోంచి ఒక ముక్క, నాలుగు భాగాల పట్టీలోంచి ఒక ముక్క చించి ఆ పిల్ల ముందు పక్కపక్కన పెట్టింది. వాటిలో పెద్దది ఏదో గుడ్డివాడు తడిమినా చెప్పేస్తాడు.

"ఇది మూడింట ఒకటి, ఇది నాలుగింట ఒకటి. చూసి చెప్పు. ఏది పెద్దది?"

కొసరు ముక్కల వంక చూడనేలేదు. తలెత్తి టీచరమ్మ మొహం వంక చూసింది. కళ్ళు, కనుబొమలు, పెదవులు, అన్నిటినీ శ్రద్ధగా చూసింది. పుస్తకం చదవమన్నప్పుడు ఏనాడూ అంత శ్రద్ధగా చూడలేదు.

"ఏది చెప్పమంటారు టీచర్?"

"నేను చెప్పమనేది కాదమ్మా" అంది టీచరమ్మ. "నీకు తోచింది చెప్పు. మొన్నంతా చెప్పావుగా, అలాగే."

"నాకేం తోచదు టీచర్. మీరు చెప్పండి, నేను అదే చెప్తాను."

ముక్కలు రెండూ ఇద్దరి మధ్యా నేల మీద పడి ఉన్నాయి. గంట కొట్టారు. గదిలో పిల్లలంతా మంచినీళ్ళకి పరుగెత్తారు. కొసరు మాత్రం కదలకుండా, చేతులు కట్టుకుని, టీచరమ్మ నోటి వంకే చూస్తూ జవాబు కోసం ఓపిగ్గా కూర్చుంది.